లోహ హైడ్రాక్సైడ్ జెల్‌ల ఉపరితల ధర్మాలపై ద్రావణి ప్రభావం

లోహ హైడ్రాక్సైడ్ జెల్ అనగా లోహ లవణ ద్రావణానికి క్షారాన్ని కలిపినపుడు గానీ, లోహ ఆల్కాక్సైడును జలవిశ్లేషణ చేసినపుడు గానీ ఏర్పడే మెత్తని, వణికే ముద్దవంటి పదార్థం. అల్యూమినియం, ఇనుము, జిర్కోనియం, టైటానియం, మెగ్నీషియం వంటి లోహాలు తగిన పరిస్థితులలో ఇటువంటి జెల్‌లను ఇస్తాయి. వీటిని ఆరబెట్టి కాల్చగా వచ్చే ఆక్సైడ్ పొడులు ఉత్ప్రేరకాలుగా, అధిశోషకాలుగా, పింగాణీ పరిశ్రమలో ముడిపదార్థాలుగా ఉపయోగపడతాయి. ఈ పొడులు ఎంత బాగా పనిచేస్తాయన్నది చాలావరకు వాటి ఉపరితలంపై ఆధారపడుతుంది. ఆ ఉపరితలాన్ని లోహం ఒక్కటే నిర్ణయించదు. జెల్ తయారైన ద్రవం, దానిని కడిగిన ద్రవం, అన్నిటికంటే ముఖ్యంగా దాని రంధ్రాలను చివరగా విడిచిపోయిన ద్రవం కూడా నిర్ణయిస్తాయి. ఒకే లోహం, ఒకే గాఢత, ఒకే ఉష్ణోగ్రత వాడినప్పటికీ, ద్రావణి మారితే వచ్చే పొడి మారుతుంది.

సికింద్రాబాదును ఆనుకొని ఉన్న తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసిటి) శాస్త్రవేత్తలు 2004లో మెగ్నీషియం ఆక్సైడ్‌పై ప్రచురించిన పరిశోధన ఈ విషయానికి చక్కని ఉదాహరణ. దాని వివరాలు ఈ వ్యాసంలో తరువాత వస్తాయి.

## జెల్ నిర్మాణం

హైడ్రాక్సైడ్ జెల్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది కొన్ని నానోమీటర్ల పరిమాణం గల సూక్ష్మ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కొని ఏర్పడిన ఘన అల్లిక. రెండవది ఆ అల్లిక ఖాళీలలో నిండిన ద్రవం. తాజా జెల్ బరువులో అధికభాగం ద్రవమే. అయినా ఆ ముద్ద పారకుండా నిలబడటానికి కారణం ఘన అల్లికే. వరిగడ్డి వామి తడిసినపుడు గడ్డిపోచల మధ్య నీరు నిలిచినట్లే, ఈ కణాల మధ్య ద్రావణి నిలుస్తుంది.

రంధ్రాలలోని ద్రవం నీరైతే ఆ జెల్‌ను హైడ్రోజెల్ అనీ, ఆల్కహాల్ అయితే ఆల్కోజెల్ అనీ అంటారు. ద్రవాన్ని మామూలుగా ఆవిరి చేయగా మిగిలే కుంచించుకుపోయిన ఘనపదార్థం జీరోజెల్. అల్లిక చెదరకుండా ద్రవాన్ని తొలగించి, దాని స్థానంలో గాలిని నింపితే వచ్చేది ఏరోజెల్.

## ఉపరితల ధర్మాలు

ఈ సందర్భంలో ఉపరితల ధర్మాలు అంటే ముఖ్యంగా నాలుగు.

* విశిష్ట ఉపరితల వైశాల్యం: ఒక గ్రాము పదార్థానికి ఉండే మొత్తం ఉపరితలం. గ్రాముకు 300 చదరపు మీటర్లు అంటే చిటికెడు పొడిలో దాదాపు 360 చదరపు గజాల ఇంటి స్థలమంత ఉపరితలం ఇమిడి ఉందన్నమాట.
* రంధ్రాల పరిమాణం, ఘనపరిమాణం: బయటి అణువులు లోపలి ఉపరితలాన్ని చేరుకోగలవా లేదా అన్నది వీటిపై ఆధారపడుతుంది.
* ఉపరితల సమూహాలు: కణం అంచున ఉండే హైడ్రాక్సిల్ సమూహాల సంఖ్య, వాటి ఆమ్ల, క్షార స్వభావం.
* ఉపరితల ఆవేశం: నీటిలో ఉంచినపుడు కణం పొందే ధన లేక ఋణ ఆవేశం. ఏ పి.హెచ్. వద్ద నికర ఆవేశం శూన్యమవుతుందో దానిని శూన్య ఆవేశ బిందువు అంటారు.

కణ పరిమాణానికీ ఉపరితల వైశాల్యానికీ ఉన్న సంబంధాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గోళాకార కణాల విశిష్ట వైశాల్యం, 6ను సాంద్రత, వ్యాసముల లబ్ధంతో భాగించగా వస్తుంది. జిర్కోనియం ఆక్సైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6 గ్రాములు. 5 నానోమీటర్ల కణాలు విడివిడిగా ఉంటే గ్రాముకు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అవే కణాలు ఆరేటప్పుడు సందు లేకుండా కలిసిపోయి 50 నానోమీటర్ల ముద్దలైతే అది 20 చదరపు మీటర్లకు పడిపోతుంది. బరువులో గానీ, రసాయన సంఘటనంలో గానీ తేడా కనిపించదు. ఉపరితలంలో పదో వంతే మిగులుతుంది.

## చరిత్ర

కొల్లాయిడ్ అనే పదాన్ని 1861లో ప్రవేశపెట్టిన స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం, 1864లో సిలిసిక్ ఆమ్లపు జెల్‌లోని నీటిని ఆల్కహాల్‌తో మార్చవచ్చునని చూపాడు. జెల్ అల్లిక, దానిలోని ద్రవం విడివిడి విషయాలని, ఒకటి నిలిచి ఉండగానే రెండవదానిని మార్చవచ్చునని దీనితో తేలింది.

1931లో అమెరికాకు చెందిన శామ్యూల్ కిస్ట్లర్ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్ళాడు. ద్రవాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన వాయువుగా మార్చి తొలగిస్తే జెల్ కుంచించుకుపోదని నిరూపించాడు. సిలికాతోపాటు అల్యూమినా, ఫెర్రిక్ ఆక్సైడ్, స్టానిక్ ఆక్సైడ్ వంటి ఏరోజెల్‌లను కూడా ఆయన తయారుచేశాడు. 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు నైట్రోజన్ అధిశోషణం ద్వారా ఉపరితల వైశాల్యాన్ని లెక్కించే సిద్ధాంతాన్ని ప్రతిపాదించడంతో, ద్రావణి కలిగించే తేడాలను అంకెలలో చెప్పడం సాధ్యమైంది. 1960వ దశకం చివరలో ఫ్రాన్సులో టైక్నర్ బృందం ఆల్కాక్సైడులను నేరుగా ఆల్కహాల్‌లో జెల్‌గా మార్చి, నీటిని మార్చే సుదీర్ఘమైన పనిని తప్పించింది.

## ద్రావణి ప్రభావం చూపే దశలు

### అవక్షేపణ

జెల్ పుట్టే దశలోనే ద్రావణి పాత్ర మొదలవుతుంది. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఎక్కువ కనుక అందులో అయానులు తేలికగా విడివడి ఉంటాయి. నీటికి ఆల్కహాల్ కలిపితే ఈ స్థిరాంకం తగ్గుతుంది, హైడ్రాక్సైడ్ ద్రావణీయత కూడా తగ్గుతుంది. ఫలితంగా ద్రావణం ఒక్కసారిగా అతిసంతృప్తమై, అసంఖ్యాకమైన కేంద్రకాలు ఒకేసారి ఏర్పడతాయి. ఉన్న లోహమంతా వాటి మధ్య పంచుకోబడటం వలన కణాలు చిన్నవిగా మిగులుతాయి. అయితే కణాల చుట్టూ ఉండే విద్యుత్ పొర పలచబడి, అవి ఒకదానినొకటి వికర్షించే శక్తి తగ్గుతుంది కనుక త్వరగా గుమికూడే ప్రమాదం కూడా ఉంది.

### పక్వం కావడం

అవక్షేపాన్ని తల్లి ద్రావణంలోనే కొంతకాలం ఉంచడాన్ని పక్వం చేయడం అంటారు. నీటిలో చిన్న కణాలు నెమ్మదిగా కరిగి, ఆ పదార్థం పెద్ద కణాలపై చేరుతుంది. అస్ఫటిక అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్‌ను క్షార మాధ్యమంలో నీటిలోనే ఉంచితే అది క్రమంగా బేయరైట్ అనే స్ఫటిక రూపంలోకి మారి ఉపరితలాన్ని కోల్పోతుంది. ఈ మార్పుకు కరగడం, తిరిగి అవక్షేపించడం అవసరం. కనుక నీటి స్థానంలో ఆల్కహాల్ ఉంటే మార్పు మందగిస్తుంది.

### కడగడం, ఆరబెట్టడం

అవక్షేపంలోని అమ్మోనియం, నైట్రేట్, క్లోరైడ్ వంటి అయానులను తొలగించడానికి మొదట నీటితో కడగడం తప్పనిసరి. ఆ తరువాత నీటిని వేరొక ద్రావణితో మార్చాలా వద్దా అన్నదే ఉపరితలాన్ని నిర్ణయించే ప్రధానమైన ఎంపిక. దీనికి కారణాలు రెండు: ఒకటి భౌతికమైనది, రెండవది రసాయనికమైనది.

## భౌతిక కారణం: కేశనాళిక పీడనం

రంధ్రంలోని ద్రవం ఆవిరవుతున్నపుడు దాని తలం వంపు తిరిగి, రంధ్రం గోడలను లోపలికి లాగుతుంది. ఈ లాగుడు తలతన్యతకు అనులోమానుపాతంలోనూ, రంధ్ర వ్యాసార్ధానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. ద్రవం గోడను పూర్తిగా తడిపినపుడు, తలతన్యతను రెండుతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే పీడనం వస్తుంది.

2 నానోమీటర్ల వ్యాసార్ధం గల రంధ్రంలో నీరు ఉంటే ఈ పీడనం సుమారు 72 మెగాపాస్కళ్ళు, అనగా వాతావరణ పీడనానికి 700 రెట్లకు పైమాటే. అదే రంధ్రంలో ఇథనాల్ ఉంటే సుమారు 22 మెగాపాస్కళ్ళు మాత్రమే. ఇంత చిన్న రంధ్రాలలో ఈ సూత్రం ఉజ్జాయింపు మాత్రమే అయినా, మెత్తని జెల్ అల్లిక నీటి లాగుడుకు ఎందుకు కూలిపోతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు. తడిసిన దూదిపింజ ఆరినపుడు గట్టి ఉండగా మారడానికి కారణం కూడా ఇదే.

సాధారణంగా వాడే ద్రావణుల ధర్మాలు (25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉజ్జాయింపుగా):

| ద్రావణి | తలతన్యత (మిల్లీన్యూటన్/మీటరు) | డైఎలక్ట్రిక్ స్థిరాంకం | మరుగు స్థానం (డిగ్రీల సెల్సియస్) |
|---|---|---|---|
| నీరు | 72 | 78 | 100 |
| మిథనాల్ | 22 | 33 | 65 |
| ఇథనాల్ | 22 | 24 | 78 |
| ఐసోప్రొపనాల్ | 21 | 19 | 82 |
| ఎన్-బ్యూటనాల్ | 25 | 17 | 118 |
| అసిటోన్ | 23 | 21 | 56 |
| హెక్సేన్ | 18 | 2 | 69 |

పట్టికను గమనిస్తే తలతన్యత విషయంలో నీరు ఒకవైపు, మిగిలినవన్నీ మరోవైపు ఉన్నట్లు తెలుస్తుంది. సేంద్రియ ద్రావణుల మధ్య తలతన్యత తేడా స్వల్పం. అయినప్పటికీ ప్రయోగాలలో వాటి ఫలితాలు ఒకేలా ఉండవు. కనుక తలతన్యత ఒక్కటే పూర్తి వివరణ కాజాలదు.

## రసాయన కారణం: హైడ్రాక్సిల్ సమూహాలు

హైడ్రాక్సైడ్ కణం ఉపరితలమంతా హైడ్రాక్సిల్ సమూహాలతో కప్పబడి ఉంటుంది. రెండు కణాలు దగ్గరగా వచ్చినపుడు వాటి మధ్యనున్న నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో వంతెన కడతాయి. ఆరుతున్నకొద్దీ ఆ వంతెనలు కుదించుకుపోయి, చివరకు ఎదురెదురుగా ఉన్న రెండు హైడ్రాక్సిల్‌లు కలిసి ఒక నీటి అణువును వదిలి, లోహం–ఆక్సిజన్–లోహం అనే శాశ్వత బంధాన్ని ఏర్పరుస్తాయి. ఒకసారి ఈ బంధం ఏర్పడితే తిరిగి నీటిలో వేసినా కణాలు విడిపోవు. ఇలా ఏర్పడిన ముద్దలను గట్టి ముద్దలు అంటారు.

ఆల్కహాల్ ఈ క్రమాన్ని రెండు విధాలుగా అడ్డుకుంటుంది. మొదటిది, కణాల మధ్యనున్న నీటి అణువులను తొలగిస్తుంది. రెండవది, కొన్ని హైడ్రాక్సిల్ సమూహాల స్థానంలో ఆల్కాక్సీ సమూహాలు చేరతాయి. ఇథనాల్‌తో ఇథాక్సీ సమూహం, బ్యూటనాల్‌తో బ్యూటాక్సీ సమూహం ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటాయి. వాటి హైడ్రోకార్బన్ తోక బయటివైపుకు ఉండటం వలన పక్క కణం దగ్గరకు రాలేదు, బంధం ఏర్పడటానికి కావలసిన హైడ్రాక్సిల్ కూడా అక్కడ ఉండదు. అసిటోన్, హెక్సేన్‌లు నీటిని తొలగించగలవు గానీ ఇటువంటి రక్షణ పొరను ఏర్పరచవు. పైగా హెక్సేన్ నీటిలో కలవదు కనుక మధ్యలో ఆల్కహాల్‌తో గానీ అసిటోన్‌తో గానీ ఒకసారి మార్చిన తరువాతే దానిని వాడాలి.

1990 ప్రాంతంలో కలిషెవ్‌స్కీ, హ్యూయర్‌లు జిర్కోనియా పొడులపై ఆల్కహాల్ చర్యను పరిశీలించి, ఉపరితలంపై చేరిన ఇథాక్సీ సమూహాలే గట్టి ముద్దలు ఏర్పడకుండా చేస్తాయని వివరించారు. 1992లో నెదర్లాండ్స్‌కు చెందిన మెర్సెరా బృందం, జలయుత జిర్కోనియాను ఇథనాల్‌తో కడగడం వలన దాని రంధ్ర నిర్మాణంలోనూ, ఉపరితల వైశాల్యంలోనూ వచ్చే మార్పులను ప్రచురించింది.

ఆల్కాక్సీ సమూహాలు ఉపరితల ఆవేశాన్ని కూడా మారుస్తాయి. నీటిలో ఆవేశం రావడానికి మూలం హైడ్రాక్సిల్‌లు ప్రోటానును తీసుకోవడమో వదలడమో కనుక, అవి తగ్గితే ఆవేశం, నీటిలో తడిసే గుణం రెండూ తగ్గుతాయి. తిరిగి నీటిలో ఎక్కువసేపు ఉంచితే ఆల్కాక్సీ సమూహాలు జలవిశ్లేషణ చెంది హైడ్రాక్సిల్‌లు మరల ఏర్పడతాయి.

## మిగిలిపోయిన నీటి సమస్య

జెల్‌ను ఒక్కసారి ఇథనాల్‌తో కడిగితే చాలదు. జెల్‌లోని నీటికి పది రెట్ల ఘనపరిమాణంలో ఇథనాల్ కలిపి వడపోస్తే, రంధ్రాలలో ఇంకా పదకొండో వంతు, అనగా సుమారు 9 శాతం నీరు మిగులుతుంది. రెండవసారికి అది 0.8 శాతానికి, మూడవసారికి 0.1 శాతం కంటే తక్కువకు చేరుతుంది.

ఈ మిగిలిన నీరు ఎందుకు ముఖ్యమో స్వేదన ప్రక్రియ తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. ఇథనాల్, నీరు కలిసి 78.2 డిగ్రీల వద్ద మరిగే స్థిర మిశ్రమాన్ని ఏర్పరుస్తాయి. దానిలో నీరు బరువులో 4.4 శాతం మాత్రమే. జెల్‌లో అంతకంటే ఎక్కువ నీరు ఉంటే, ఇథనాల్ ముందుగా వెళ్ళిపోయి చివరకు రంధ్రాలలో నీరే మిగులుతుంది. అప్పుడు అల్లికపై పనిచేసేది నీటి తలతన్యతే. ఇథనాల్‌తో కడిగిన శ్రమ చాలావరకు వృథా అవుతుంది.

ఎన్-బ్యూటనాల్ విషయం దీనికి భిన్నం. బ్యూటనాల్–నీరు స్థిర మిశ్రమం 93 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. దానిలో నీరు సుమారు 43 శాతం ఉంటుంది. జెల్‌ను బ్యూటనాల్‌లో కలిపి మరిగిస్తే నీరు ఆ మిశ్రమంగా ముందే వెళ్ళిపోతుంది. నీరు పూర్తికాగానే ఉష్ణోగ్రత 118 డిగ్రీలకు పెరుగుతుంది. ఆ పెరుగుదలే నీరు పోయిందనడానికి గుర్తు. రంధ్రాలలో చివరకు మిగిలేది బ్యూటనాల్. పట్టికలో ఇథనాల్ కంటే బ్యూటనాల్ తలతన్యత కొంచెం ఎక్కువే అయినా, ఆచరణలో బ్యూటనాల్ స్వేదనం మెత్తని పొడులను ఇవ్వడానికి ఇది ఒక ముఖ్య కారణం.

## ఆరబెట్టే ఇతర పద్ధతులు

ద్రవం–వాయువు తలమే లేకుండా ద్రవాన్ని తొలగిస్తే కేశనాళిక పీడనం ప్రశ్నే ఉండదు. దీనికి రెండు మార్గాలున్నాయి.

* అతిసందిగ్ధ ఆరబెట్టడం: ద్రవాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత, పీడనాలకు పైకి తీసుకువెళ్ళి వాయువుగా వదిలివేయడం. నీటి సందిగ్ధ ఉష్ణోగ్రత 374 డిగ్రీలు. అంత వేడి నీరు జెల్‌ను కరిగించి పాడుచేస్తుంది. ఇథనాల్‌కు 241 డిగ్రీలు, బొగ్గుపులుసు వాయువుకు 31 డిగ్రీలు మాత్రమే. వేడి ఆల్కహాల్‌లో ఆరిన జెల్ ఉపరితలంపై ఆల్కాక్సీ సమూహాలు చేరి అది నీటిని వికర్షించే గుణం పొందుతుంది. బొగ్గుపులుసు వాయువుతో ఆరినది హైడ్రాక్సిల్ సమూహాలను నిలుపుకొని తేమను ఆకర్షిస్తుంది.
* ఘనీభవింపజేసి ఆరబెట్టడం: ద్రవాన్ని గడ్డకట్టించి, శూన్యంలో నేరుగా ఆవిరిగా మార్చడం. నీరు గడ్డకట్టినపుడు సుమారు 9 శాతం వ్యాకోచించి అల్లికను దెబ్బతీస్తుంది. కనుక టెర్షియరీ బ్యూటనాల్ వంటి, గది ఉష్ణోగ్రతకు దగ్గరలోనే గడ్డకట్టే ద్రావణులను వాడటం కద్దు.

## వివిధ లోహాల ఉదాహరణలు

'''జిర్కోనియం:''' జిర్కోనియం హైడ్రాక్సైడ్ జెల్‌ను కాల్చినపుడు సుమారు 400 – 450 డిగ్రీల మధ్య ఒక్కసారిగా వేడిని వెలువరిస్తూ స్ఫటికీకరిస్తుంది. సుమారు 30 నానోమీటర్ల కంటే చిన్న స్ఫటికాలు గది ఉష్ణోగ్రత వద్ద కూడా చతుష్కోణీయ రూపంలో నిలబడగలవని 1965లో గార్వీ ప్రతిపాదించాడు. కణాలను చిన్నవిగా, విడివిడిగా ఉంచే ద్రావణి ఆ విధంగా స్ఫటిక రూపంపై కూడా పరోక్ష ప్రభావం చూపుతుంది.

'''ఇనుము:''' ఫెర్రిక్ లవణాల నుండి వచ్చే ఫెర్రిహైడ్రైట్‌ను ఆరబెట్టి నైట్రోజన్‌తో కొలిస్తే సాధారణంగా గ్రాముకు 200 – 350 చదరపు మీటర్లు వస్తాయి. నీటిలో తడిగా ఉన్నప్పుడు అది అధిశోషించే అయానుల లెక్క ప్రకారం దీని వైశాల్యం సుమారు 600గా తీసుకుంటారు. ఆరినపుడు కణాలు అతుక్కుపోవడమే ఈ తేడాకు ఒక ముఖ్య కారణం.

'''అల్యూమినియం:''' పటికను నీటిలో వేసినపుడు ఏర్పడే హైడ్రాక్సైడ్ జెల్ మలినాలను పట్టుకొని అడుగుకు చేరుతుంది. 1970వ దశకంలో నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి తాగునీటిలోని ఫ్లోరైడును తొలగిస్తారు. ఇక్కడ జెల్ తాజాగా, నీటిలోనే పనిచేస్తుంది. దానిని ఆరబెట్టే ప్రసక్తి లేదు.

## హైదరాబాదు – సికింద్రాబాదు ప్రాంతంలో

### ఐఐసిటి, తార్నాక

హైదరాబాదు సంస్థాన కాలంలో 1944లో కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనశాలగా మొదలైన ఈ సంస్థ 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారింది. ఉత్ప్రేరకాలు ఈ సంస్థ ప్రధాన పరిశోధనాంశాలలో ఒకటి. ఇక్కడి శాస్త్రవేత్త బి. ఎం. రెడ్డి 2005లో టైటానియా–జిర్కోనియా మిశ్రమ ఆక్సైడులపై ఒక విస్తృత సమీక్షా వ్యాసాన్ని సహరచయితగా ప్రచురించారు.

2004లో బి. ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం తదితరులు మూడు రకాల మెగ్నీషియం ఆక్సైడులను పోల్చారు. మామూలుగా మార్కెట్టులో దొరికే పొడి ఉపరితలం గ్రాముకు 30, సాధారణ నానోస్ఫటిక పొడిది 252, ఏరోజెల్ పద్ధతిలో తయారైన పొడిది 590 చదరపు మీటర్లు. మూడింటి రసాయన సూత్రం ఒక్కటే.

ఏరోజెల్ పద్ధతిని అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ క్లాబుండే బృందం 1991లో వివరించింది. మెగ్నీషియంను మిథనాల్‌లో కరిగించి మిథాక్సైడుగా మార్చి, దానికి టోలుయీన్ కలిపి, కొద్ది నీటితో జలవిశ్లేషణ చేస్తారు. ఏర్పడిన హైడ్రాక్సైడ్ జెల్‌ను ఆటోక్లేవులో సుమారు 265 డిగ్రీల వద్ద ద్రావణిని వదిలించి, తరువాత శూన్యంలో వేడిచేసి ఆక్సైడుగా మారుస్తారు. నీటి స్థానంలో మిథనాల్–టోలుయీన్ మిశ్రమం ఉండటం వలన దాదాపు 4 నానోమీటర్ల స్ఫటికాలు కలిసిపోకుండా మిగులుతాయి. నీటిలో మరిగించి చేసే సాధారణ పద్ధతిలో సుమారు 8 నానోమీటర్ల షడ్భుజి పలకలు వస్తాయి. ఏరోజెల్ స్ఫటికాలు పలకలు కాక బహుముఖ ఆకారంలో ఉండటం వలన అంచులు, మూలలు ఎక్కువ. చర్యలో పాల్గొనే స్థానాలు అక్కడే అధికం.

తార్నాక శాస్త్రవేత్తలు ఈ పొడిని ఒక కైరల్ సహాయక అణువుతో కలిపి, ఔషధాల తయారీకి ఉపయోగపడే ఎపాక్సీ కీటోనుల సంశ్లేషణలో ప్రతిబింబ రూపాలలో ఒకదానినే ఎక్కువగా పొందగలిగారు. ఉపరితల హైడ్రాక్సిల్ సమూహాలను సిలైల్ సమూహాలతో కప్పివేసినపుడు ఆ ఎంపిక లోపించింది. అనగా కేవలం వైశాల్యం చాలదు, హైడ్రాక్సిల్‌లు కూడా ఉండాలి. తన పైనున్న హైడ్రాక్సిల్‌లను నిలుపుకొన్న విశాలమైన ఉపరితలమే ఇక్కడ పనికివచ్చింది. ఈ పరిశోధకులలో ఒకరైన లక్ష్మీకాంతం 2013లో ఆ సంస్థకు తొలి మహిళా సంచాలకురాలయ్యారు.

### అణు ఇంధన సముదాయం, మౌలాలి

1971లో స్థాపించబడిన అణు ఇంధన సముదాయంలో జిర్కాన్ ఇసుక నుండి జిర్కోనియం లోహాన్ని తయారుచేస్తారు. ఇసుకను కాస్టిక్ సోడాతో కరిగించి, నత్రికామ్లంలో ద్రావణంగా మార్చి, కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ సహాయంతో హాఫ్నియంను వేరుచేస్తారు. తరువాత అమ్మోనియాతో జిర్కోనియం హైడ్రాక్సైడును అవక్షేపించి, ఆరబెట్టి, కాల్చి ఆక్సైడుగా మారుస్తారు. ఇక్కడ ద్రావణి అనే మాట వేరే అర్థంలో వస్తుంది. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ పని హాఫ్నియంను మిలియనుకు 100 భాగాల కంటే తక్కువకు తేవడం. అది జెల్ రంధ్రాలలోని ద్రవం కాదు. ఈ ఆక్సైడును కార్బన్‌తో కలిపి క్లోరినేషన్‌కు పంపుతారు కనుక ఇక్కడ ప్రధానం శుద్ధత. నానోమీటర్ల ఉపరితలాన్ని కాపాడటం ఈ ప్రక్రియ లక్ష్యం కాదు.

### టీకాల పరిశ్రమ

హైదరాబాదు పరిసరాలు టీకాల తయారీకి ప్రసిద్ధి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన షాన్‌వాక్-బి అనే హెపటైటిస్-బి టీకాలో యాంటిజెన్‌ను అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్‌పై అధిశోషింపజేస్తారు. ఇటువంటి జెల్‌లోని కణాలు సరిగా స్ఫటికీకరించని బోహ్‌మైట్ రూపంలో ఉంటాయి. తడి స్థితిలో వాటి వైశాల్యం గ్రాముకు సుమారు 500 చదరపు మీటర్లు. శూన్య ఆవేశ బిందువు సుమారు 11 కావడం వలన శరీరపు పి.హెచ్. వద్ద అవి ధనావేశంతో ఉండి, ఋణావేశం గల ప్రోటీనులను బలంగా పట్టుకుంటాయి.

ఇక్కడ ద్రావణిని మార్చే అవకాశమే లేదు. నీరు అలాగే, ద్రవరూపంలోనే ఉండాలి. టీకా గడ్డకడితే పెరుగుతున్న మంచు స్ఫటికాలు కణాలను ఒకదానిపైకి ఒకటి నెట్టి శాశ్వతంగా అతికిస్తాయి. కరిగించినా పూర్వస్థితి రాదు, టీకా శక్తి తగ్గుతుంది. అందువలననే వీటిని 2 – 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలనీ, గడ్డకట్టనీయరాదనీ నియమం. అనుమానం వచ్చినపుడు ఆరోగ్య కార్యకర్తలు సీసాను కుదిపి, తేర్పు ఎంత త్వరగా అడుగుకు దిగుతుందో గమనించే కుదుపు పరీక్ష చేస్తారు. అతుక్కుపోయిన కణాలు త్వరగా దిగుతాయి.

## కొలిచే విధానాలు

* నైట్రోజన్ అధిశోషణం: మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద పొడిపై ఎంత నైట్రోజన్ చేరుతుందో కొలుస్తారు. ఒక్కో నైట్రోజన్ అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటును ఆక్రమిస్తుందని లెక్క.
* పరారుణ వర్ణపటం: 2850 – 3000 తరంగ సంఖ్యల మధ్య కనిపించే పట్టీలు కార్బన్–హైడ్రోజన్ బంధాలను, తద్వారా ఆల్కాక్సీ సమూహాలను సూచిస్తాయి.
* ఉష్ణభార విశ్లేషణ: వేడిచేసినపుడు నీరు ఎప్పుడు పోయింది, సేంద్రియ సమూహాలు ఎప్పుడు మండాయి అన్నది బరువు తగ్గుదలను బట్టి తెలుస్తుంది.
* జీటా విభవం: నీటిలో కణాల ఆవేశాన్ని తెలుపుతుంది.

నైట్రోజన్ పద్ధతికి పొడి ఆరి ఉండటం తప్పనిసరి. అందువలన అది చెప్పేది జెల్ ఉపరితలం కాదు, ఆరిన తరువాత మిగిలిన ఉపరితలం. రెండు పరిశోధనలలోని వైశాల్యాలను పోల్చేటప్పుడు కాల్చిన ఉష్ణోగ్రతతోపాటు కడిగిన ద్రావణిని, ఎన్నిసార్లు కడిగారన్నదానిని కూడా చూడాలి. ఆ వివరాలు లేని అంకెకు విలువ తక్కువ.

## ద్రావణి ఎంపికలో గమనించవలసినవి

అధిక వైశాల్యం అన్నివేళలా మేలు కాదు. చాలా తేలికైన పొడిని అచ్చులో నొక్కడం కష్టం. ఆల్కాక్సీ సమూహాలు కాల్చేటప్పుడు మండి ఉష్ణాన్ని వెలువరిస్తాయి. గాలి చాలకపోతే కార్బన్‌గా మిగిలి పొడిని నల్లబరుస్తాయి. మిథనాల్ విషపూరితం. అసిటోన్, హెక్సేన్‌ల ఆవిరులు తేలికగా అంటుకుంటాయి. ఆటోక్లేవులో ఆల్కహాల్‌ను అధిక పీడనంలో వేడిచేయడానికి ప్రత్యేక పరికరాలు, శిక్షణ అవసరం. విద్యార్థులు వీటిని పర్యవేక్షణ లేకుండా చేయరాదు. వాడిన ద్రావణిని తిరిగి స్వేదనం చేసి వినియోగించకపోతే ఖర్చు, కాలుష్యం రెండూ పెరుగుతాయి.

ఈ కారణాల వలన పొడి చేయవలసిన పనిని బట్టి ద్రావణిని ఎంచుకుంటారు. ఉత్ప్రేరకానికి విశాలమైన ఉపరితలం, తెరచిన రంధ్రాలు కావాలి కనుక ఆల్కహాల్ గానీ అతిసందిగ్ధ పద్ధతి గానీ తగినది. పింగాణీ పొడికి విశాలత కంటే ముద్దలు మెత్తగా ఉండటం ముఖ్యం కనుక ఇథనాల్ కడుగుడు లేదా బ్యూటనాల్ స్వేదనం సరిపోతుంది. తరువాతి దశలో రసాయనికంగా విచ్ఛిన్నం చేయబోయే ఆక్సైడుకు నీరు చాలు. టీకాలోనూ, నీటి శుద్ధిలోనూ జెల్‌ను అసలు ఆరనీయరాదు.